ఎవరూ లేరని రాయించాను

నన్ను మంచివాడంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళుగా మండుతూనే ఉంది. అన్నవాళ్ళ మీద కాదు, విని తలూపే నా మీద. మా క్యాంపులో ఈ రోజుకీ ఎవరింట్లోనైనా ముసలివాళ్ళ సంగతి వస్తే నా పేరు చెబుతారు. "మేనత్తను కన్నతల్లిలా సాకాడు, ఆయన్ను చూసి నేర్చుకోండి" అంటారు. నేను తల దించుకుంటాను. అది వినయం అనుకుంటారు. వినయమా నా మొహమా! తల ఎత్తే మొహం లేక దించుకుంటాను.

నా పేరు చెప్పను. చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మిమ్మల్ని నేనెరగను, మీరు నన్నెరగరు, అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనబడితే ఆ ముక్క నమ్మకండి.

మాది వర్ని దగ్గర ఒక క్యాంపు. నిజాంసాగర్ కాలువ కింద వరి పండుతుందని మా నాన్నల తరం కృష్ణా జిల్లాలో ఉన్నదమ్ముకుని ఇక్కడికొచ్చి, పొలాల మధ్యే ఇళ్ళు వేసుకున్నారు. వాటికి క్యాంపులనే పేరు నిలిచిపోయింది. మేం వచ్చేటప్పటికి నాకు నాలుగేళ్ళు. ఆ బండిలోనే వచ్చింది పున్నమ్మత్త. మా నాన్న అక్క. పదిహేనేళ్ళకే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. మరుసటేడు మా అమ్మ పురిట్లో పోయింది. అప్పటినుంచీ నాకు అన్నం కలిపి పెట్టింది, నా జ్వరాలకు మేలుకుంది, నా పెళ్ళికి పందిట్లో తిరిగింది పున్నమ్మత్తే. నన్ను "ఒరే అబ్బాయ్" అనేది. నాకు నలభై ఏళ్ళొచ్చినా, నలుగురు పెద్దమనుషుల మధ్య కూచున్నా, "ఒరే అబ్బాయ్, అన్నం చల్లారిపోతోందిరా" అని కేకేసేది.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవలప్పుడు మేమంతా భయపడి కృష్ణా జిల్లాకు పరిగెత్తాం. నిజంగా జరిగినదాని కంటే వదంతులే ఎక్కువ, అది తర్వాత తెలిసింది. పున్నమ్మత్త మాత్రం కదలలేదు. "గేదెల పాలు ఎవడు పిండుతాడ్రా? పొట్ట మీదున్న చేనుకి ఎవడు నీళ్ళు కడతాడు?" అంది. మూడు నెలలు ఒక్కతే ఉంది. పక్క ఊరి ఖాసిం భాయ్ రోజూ సాయంత్రం బండి ఆపి, "అవ్వా, ఫికర్ జెయ్యకు, మేం లేమా" అని పలకరించి పోయేవాడట. మేం తిరిగొచ్చేసరికి పంట ఇంటికి చేరి ఉంది, గేదెలు నాలుగూ నిగనిగలాడుతున్నాయి. తాను అంత పని చేశానని ఒక్కసారి కూడా అనలేదు. ఆ పొలం మీదే నేను పెద్దవాణ్ణయ్యాను. పెద్దమనిషినీ అయ్యాను.

పెద్దమనిషి! ఆ మాట రాస్తుంటేనే చెయ్యి మొరాయిస్తోంది. మా క్యాంపులో తగువు వస్తే పోలీసుల దాకా పోనివ్వం. రైసుమిల్లు అరుగు మీద నలుగురం కూచుని తేలుస్తాం. నా మాటకు విలువ ఉండేది. ఒక ఏడు కోటేశు అనేవాడు వాళ్ళమ్మను పశువుల పాకలో పడుకోబెడుతున్నాడని తగువొచ్చింది. నేను లేచి నిలబడి, పదిమందీ వింటుండగా, "కన్నదాన్ని కొట్టంలో పెట్టినవాడిని చెప్పు తీసుకు కొట్టాలి" అన్నాను. అందరూ శభాష్ అన్నారు. కోటేశు ఏడ్చాడు. మర్నాడే తల్లిని ఇంట్లోకి తెచ్చుకున్నాడు. చెప్పేవి శ్రీరంగనీతులు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు, ఎనభైల మొదట్లో, పున్నమ్మత్త గొడ్లచావిట్లో జారిపడింది. తుంటి విరిగింది. మంచం పట్టింది. బుద్ధి మాత్రం కత్తిలా ఉంది. వసారాలో మంచం వేశాం. ఎనిమిది నెలలు మా ఆవిడే అన్నీ ఎత్తిపోసింది. నేను ఒక్కనాడు చెయ్యి వెయ్యలేదు. "ఆడవాళ్ళ పని" అన్నాను. ఎనిమిదో నెలలో మా ఆవిడకు నడుము నొప్పి వచ్చింది. వారం రోజులు కాపడం పెట్టుకుని లేచింది. ఆ వారాన్ని నేను పట్టుకున్నాను. "మా ఆవిడ నడుం పడిపోయింది, ఇక ఆవిడ వల్ల కాదు" అని నాకు నేనే చెప్పుకోవడం మొదలుపెట్టాను.

అసలు సంగతి అది కాదు. నాతో మాట్లాడడానికి వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసే చోటి నుంచి ఆ మంచం కనబడేది. వాసనా వచ్చేది. ఆ ఏడాది సొసైటీ ప్రెసిడెంటుగా నిలబడమని నలుగురూ అడుగుతున్నారు. వచ్చిన ఒకాయన కాఫీ గ్లాసు అందుకుని, ముక్కు దగ్గర కండువా పెట్టుకుని, తాగకుండానే కింద పెట్టాడు. అంతే. నన్ను పెంచిన మనిషిని ఇంట్లోంచి పంపడానికి నాకు ఆ మాత్రం చాలింది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, సిగ్గు కంటే కోపం ఎక్కువగా ఉంది. వాడు కాఫీ తాగకపోతే నాకేం? ఎవడు వాడు?

ముసలివాళ్ళను ఉంచుకునే చోట్లు అప్పట్లో ఎక్కడున్నాయి? అయినా వెతికాను. నిజామాబాద్‌లో ఒకటి ఉంది, పెద్దది. వాళ్ళు చుట్టం ఎవరో రాసి సంతకం పెట్టాలన్నారు, నెలకోసారి వచ్చి చూడాలన్నారు. ఎంత న్యాయమైన మాట! నాకది గిట్టలేదు. మా క్యాంపువాళ్ళు దేనికైనా నిజామాబాదే పోతారు, ఎవరో ఒకరు చూస్తారు. బోధన్‌లో ఒక సత్రం వెనకాల రెండు గదుల్లో నలుగురు ముసలివాళ్ళున్నారు. గేదెను కొనేటప్పుడు పొదుగు కంటే ముందు గిట్టలు చూడాలని మా నాన్న చెప్పేవాడు. నేను అక్కడి ముసలాయన మడమలు చూశాను. పుళ్ళు పడి ఉన్నాయి. వద్దనుకుని వచ్చేశాను. చూశారా, నేనెంత శ్రద్ధగా వెతికానో! ఆ శ్రద్ధే నన్ను ఇన్నాళ్ళూ మోసం చేసింది. మంచి చోటు కోసమే కదా వెతికాను, మరీ అంత చెడ్డవాణ్ణి కానేమో అనుకునేవాణ్ణి.

బాన్సువాడలో బస్టాండు వెనక సందులో ఒక పెంకుటిల్లు. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన ఒకామె అద్దెకు తీసుకుని ఆరు మంచాలు వేసింది. అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. నేను వెళ్ళేసరికి ఒక సాయెబుల అవ్వ గోడకానుకుని వక్క కత్తిరిస్తోంది. పక్కామె తలకు సిస్టరమ్మ నూనె రాస్తోంది. దుప్పట్లు వెలిసిపోయినా సబ్బు వాసన వస్తున్నాయి. మడమలు చూశాను. అందరివీ శుభ్రంగా ఉన్నాయి.

ఒక్కటే షరతు. ఎవరూ లేనివాళ్ళనే తీసుకుంటుంది. ఎందుకని అడిగితే ఆమె నూనె చేతులు తుడుచుకుంటూ, "బిడ్డలున్నోళ్ళను తీస్కుంటే ఒక్కొక్కడు కాయితాలు పట్టుకొని ఏలిముద్రల కోసం వస్తుండు సార్. ముసలోళ్ళు గాళ్ళను చూసి దినాం ఏడుస్తరు. నాతోని గాదు" అంది. నేను సరేనని తలూపాను. తలూపుతూనే మనసులో తేల్చుకున్నాను. నిజామాబాద్‌లో పెట్టి సంతకం చెయ్యడం కంటే, పున్నమ్మత్తకు ఎవరూ లేరని చెప్పడమే నాకు తేలిక అనిపించింది. ఆ తేలిక ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అసహ్యం మాత్రం వేస్తుంది.

క్యాంపులో వేరే కథ అల్లాను. అత్తకు పుట్టినూరు చూడాలని ఉంది, కొన్నాళ్ళు మా బాబాయి కొడుకుల దగ్గర ఉంచుతాను అన్నాను. ఆ బాబాయి కొడుకులతో మాకు రాకపోకలు తెగి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి క్యాంపులో ఎవరికీ తెలియదు. అందరూ మెచ్చుకున్నారు. పున్నమ్మత్తకూ, వాళ్ళతో రాజీ కుదిరిందని కలిపి, అదే చెప్పాను. ఆమె నమ్మింది. ఆమె మొహం వెలిగిపోయింది. అది చూసి కూడా నేను ఆగలేదు. ఆడవాళ్ళు వచ్చి ఆమెకు బొట్టు పెట్టలేరు కదా, చీరె పెట్టి, పువ్వులకు బదులు పండ్లు చేతిలో పెట్టి, "మావాళ్ళను అడిగానని చెప్పు పున్నమ్మా" అని సాగనంపారు. ఆమె ఎవరెవరికి ఏం చెప్పాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

వర్ని నుంచి జీపు మాట్లాడాను. వెనక పరుపు వేసి పడుకోబెట్టాం. మా ఆవిడకు తెలుసు. గుమ్మంలోంచి బయటికి రాలేదు. జీపు పెద్ద రోడ్డెక్కి నిజామాబాద్ వైపు కాకుండా బాన్సువాడ వైపు తిరిగింది. "రైలు అటు కదరా అబ్బాయ్" అంది. "ముందు ఇక్కడొక డాక్టరమ్మకు చూపించాలి అత్తా" అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. దారి పొడుగునా తల తిప్పి పొలాలు చూస్తూ పడుకుంది. తెలిసిపోయిందా? అప్పుడే తెలిసిపోయిందనుకుంటాను.

సిస్టరమ్మ పుస్తకం తెరిచింది. నేను వరండాలో నిలబడ్డాను. పున్నమ్మత్తను అప్పటికే మంచం మీదికి చేర్చారు. నా గొంతు తడబడుతుందనుకున్నాను. తడబడలేదు. "మా క్యాంపులో ముసలమ్మ అండీ. ఎవరూ లేరు. ఊరివాళ్ళం కదా, చూస్తూ ఊరుకోలేక తెచ్చాను" అన్నాను. చూస్తూ ఊరుకోలేకనట! ఆ ముక్క ఎవరూ అడగలేదు. నేనే, సొంతంగా, అదనంగా కలిపాను.

సిస్టరమ్మ నన్ను వదిలి ఆమె వైపు తిరిగింది.

"అవ్వా, నిజమేనా? నీకు ఎవ్వరు లేరా?"

పున్నమ్మత్త నన్ను చూసింది. కాదంటుందనుకున్నాను. నిజం చెబుతాను, కాదంటే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. అలా అంటే ఏడుస్తూ ఆమెను మళ్ళీ జీపెక్కించి ఇంటికి తీసుకుపోదును. మంచివాణ్ణి కావడం కూడా ఆమె చేతే చేయించుకుందామనుకున్నానన్నమాట.

"ఉండేవాళ్ళమ్మా" అంది. "పోయారు."

"మరి గీ సారు?"

"ఈయన మా ఊరి పెద్దమనిషి. తగువులు బాగా తీరుస్తారు."

సిస్టరమ్మ రాసుకుంది. నేను ఆ పేజీ కింద, తెచ్చి దింపినవాడిగా, సంతకం పెట్టాను. మెట్లు దిగబోతుంటే వెనకనుంచి పున్నమ్మత్త గొంతు వినబడింది. "వెళ్ళిరండి బాబుగారూ."

నన్ను తిట్టవచ్చు. శాపనార్థాలు పెట్టవచ్చు. నేను తట్టుకునేవాణ్ణి. నలభై ఏళ్ళు ఒరే అన్న మనిషి బాబుగారూ అంది. జీపెక్కి కూచున్నాను. దారిలో ఎక్కడా ఆపమనలేదు.

ఆ తర్వాత మూడుసార్లు వెళ్ళాను. ఊరి పెద్దమనిషిగా, బియ్యం బస్తా పట్టుకుని. మూడుసార్లూ ఆమె నన్ను మీరు అంది. మూడోసారి పక్కన ఎవరూ లేకుండా చూసి, దగ్గరికి వంగి, "అత్తా, ఇక్కడ ఎవరూ లేరుగా, మామూలుగా మాట్లాడు" అని బతిమాలాను. "లేరు బాబుగారూ. తమరు రాయించిందీ అదే కదండీ" అంది. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. అవును, నాకు! ఇంత చేసిన నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇంత మొండితనమా అనుకుంటూ బస్సెక్కాను. ఆ కోపం సాకుగా పెట్టుకుని మళ్ళీ వెళ్ళలేదు. సొసైటీ ప్రెసిడెంటునయ్యాను.

ఒక నాట్ల సమయంలో కార్డు వచ్చింది. "మీరు తెచ్చిన అవ్వ మొన్న కాలం చేసింది. ఎవరూ లేనందున మేమే కార్యం జరిపించినాము." గట్టు మీద నిలబడి చదివాను. నాట్లు వేసేవాళ్ళు పాడుకుంటున్నారు. కార్డు జేబులో పెట్టుకున్నాను.

బాన్సువాడ వెళ్ళాను. ఆమె మంచం మీద అప్పటికే ఇంకొకామె ఉంది. ఎక్కడ దహనం చేశారని అడిగాను. దహనం కాదు, మట్టి చేశామంది సిస్టరమ్మ. తలకొరివి పెట్టేవాడు లేనప్పుడు ఇంకేం చేస్తారు? ఖాళీ జాగాలో గొయ్యి తీయించి, సాయెబుల అవ్వ తమ్ముణ్ణీ ఇంకో ముగ్గుర్నీ పిలిచి మోయించిందట. నాకు నెత్తురు మరిగింది. "పూడ్చిపెట్టారా? మాలో పూడ్చరండీ! మాలో..." అని అరిచాను.

అరిచి ఆగిపోయాను.

సిస్టరమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "మాలోనా? గిప్పుడు యాదికొచ్చిందా సార్, మాలో అని?" అంది. "నాకు మొదటి దినమే తెలుసు. మీ ఇద్దరి ముక్కులు ఒక్కటే. ఎవ్వరికి తెల్వదనుకున్నవా?"

తెలిస్తే ఎందుకు చేర్చుకున్నావని అడిగాను. ఎవరూ లేనివాళ్ళకే కదా అన్నావని కూడా అన్నాను, సిగ్గులేకుండా, తప్పు ఆమె మీదికి తోద్దామని.

"ఎవ్వరు లేనోళ్ళకే సార్. గా దినం నీ మొకం చూసినంక ఆమెకు ఎవ్వరు లేరని నాకు సమజైంది" అంది. అని లోపలికి పోయింది. కూచోమనలేదు, మంచినీళ్ళివ్వలేదు. ఇవ్వనందుకు ఆమెకు ఈ రోజుకీ దండం పెడతాను.

నా కథ ఇక్కడితో ఆగితే కొంతలో కొంత నయం. ఆగలేదు. అంత మాట పడి కూడా ఇంటికొచ్చి, అత్త పుట్టినూళ్ళో పోయిందని కబురొచ్చినట్టు క్యాంపులో చెప్పాను. తల గొరిగించుకున్నాను. పెద్దకర్మకు క్యాంపు మొత్తాన్ని పిలిచాను. గారెలు, పూర్ణాలు, పులిహోర, రెండు రకాల కూరలు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు ఆమెను అందరూ పొగిడారు. ఆమెను పొగిడి నన్ను పొగిడారు. ఎవడూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆమె ఏ జబ్బుతో పోయిందని గానీ, చివర్లో ఎవరున్నారని గానీ అడగలేదు. గారె మెత్తగా ఉందా లేదా, అంతే వాళ్ళకు కావలసింది. వాళ్ళ మీద నాకు కోపం రాకూడదు. వస్తుంది. ఒక్కడు గట్టిగా నిలదీసి ఉంటే నేను అక్కడే చెప్పేసేవాణ్ణేమో. చెప్పేవాణ్ణా? నమ్మకం లేదు.

వడ్డన మధ్యలో కోటేశు నా దగ్గరికి వచ్చాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ రోజు నువ్వు తిట్టబట్టే మా అమ్మ ఇంట్లో ఉందన్నా. నిన్న తనే చెప్పింది, ఆయన కడుపు చల్లగుండాలని" అన్నాడు. నేను వాడి భుజం తట్టాను. పెద్దమనిషిలా తట్టాను. చెప్పు తీసి వాడి చేతికిచ్చి, ఆ రోజు నేనన్న మాట నా మీదే తీర్చమని చెప్పాల్సింది. విస్తరాకులో ఇంకో గారె వెయ్యమని కేకేశాను.

కాలం అలాంటిదని, మంచంలో ఉన్న మనిషిని చూసుకోవడం కష్టమని, ఆ ఇంట్లో ఆమెకు మా ఇంట్లో కంటే మంచి సేవే జరిగిందని నాతో నేను చాలాసార్లు వాదించుకున్నాను. చివరిది నిజమే. సిస్టరమ్మ ఆమె మడమలకు రోజూ నూనె రాసింది. అటువంటి చోట చేర్చడం తప్పు కాదు. మా క్యాంపులో ఇంకెవరైనా చేర్చాలనుకుంటే నేనే దగ్గరుండి చేర్పిస్తాను. నా తప్పు ఆ చోటు కాదు. నేను అక్కడికి కొడుకులా వెళ్ళి ఈమె నాది అని ఉంటే, సిస్టరమ్మ తీసుకోకపోతే నిజామాబాద్‌లో నా పేరు రాసి నెలనెలా వెళ్ళి ఉంటే, ఊరు నాలుగు రోజులు గుసగుసలాడేది, తర్వాత ఇంకో సంగతి దొరికేది. ఆ నాలుగు రోజుల గుసగుసలకు భయపడి నేను ఆ మనిషికి పుట్టుకే లేకుండా చేశాను. పోయాక నిప్పు లేకుండా చేశాను.

మా ఆవిడ అడిగింది, ఇప్పుడు ఎవరికి చెప్పి ఏం లాభమని. సిస్టరమ్మ ఎటుపోయిందో తెలియదు. ఆ పెంకుటిల్లు పడగొట్టి దుకాణాలు కట్టారు. ఖాళీ జాగా ఎక్కడుందో చూపించేవాళ్ళు లేరు, రెండుసార్లు వెతికి వచ్చాను. లాభం కోసం కాదు. మీరు క్షమిస్తారని కూడా కాదు. మీరు క్షమిస్తే మీ మీదా కోపం వస్తుంది, ఆ క్షమ ఇవ్వడానికి మీరెవరు, పున్నమ్మత్త ఇవ్వలేదు.

పున్నమ్మ నాకు మేనత్త. మా నాన్న తోడబుట్టింది. నన్ను పెంచింది. ఆమెకు నేనున్నాను, ఉండి కూడా లేనని చెప్పాను. ఈ నాలుగు ముక్కలూ ఆ వరండాలో అనాల్సినవి. ఈ రోజు అన్నాను. రాసి కలం పక్కన పెట్టాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే. ఇంకేమీ మారలేదు.